పీహెచ్‌డీ స్కాలర్‌కి ఫెలోషిప్ పెట్టాలనుకుంటున్నారా? డబ్బు పంపే ముందు ఇవి చూసుకోండి

మనవాళ్లకి చదువుకున్న యూనివర్సిటీకి ఏదైనా చేయాలనిపిస్తే మొదట గుర్తొచ్చేది గోల్డ్ మెడల్. అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో కొంత డిపాజిట్ వేసి, ఏటా ఫస్ట్ వచ్చినవాళ్లకి మెడల్ ఇవ్వమంటారు. మంచిదే, కాదనను. కానీ మెడల్ మెడలో పడేసరికి ఆ పిల్లల చదువు అయిపోయి ఉంటుంది. డబ్బు కావాల్సింది చదువు నడుస్తున్నప్పుడు. అందులోనూ పీజీ దాటి రీసెర్చ్‌లోకి వచ్చినవాళ్లకి మరీ కావాలి, ఎందుకంటే పాతికేళ్లు దాటాక ఇంట్లో అడగడానికి నోరు రాదు, ఇంట్లోవాళ్లు కూడా "ఇంకా ఎన్నాళ్లు?" అనడం మొదలుపెడతారు.

నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ఫెలోషిప్ లేకుండానే పీహెచ్‌డీ చేశాను. అప్పట్లో మా రూమ్మేట్ దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉండేది. తెరిస్తే ఎడమ పేజీలో మెస్ బాకీ, కుడి పేజీలో థీసిస్ చాప్టర్లు. వారంలో నాలుగు రోజులు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పిల్లలకి క్లాసులు చెప్పి రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాడు, చొక్కా కూడా మార్చకుండా మంచం మీద కూర్చుని ఆ రోజు వచ్చిన డబ్బు రాసుకునేవాడు. ఎడమ పేజీలు నిండిపోయి తిప్పుతూనే ఉండేవాడు, కుడి పేజీలో మాత్రం రెండో చాప్టర్ దగ్గరే పెన్ను ఆగిపోయి ఉండేది. తెలివి లేక కాదు, మా బ్యాచ్‌లో అందరికంటే బాగా రాసేవాడు. టైమ్ లేదు, అంతే.

ఉద్యోగాల్లో కుదురుకున్నాక మేం పది మందిమి కలిసి ఒక చిన్న ఫెలోషిప్ పెట్టాం. మొదటిసారి తప్పు చేశాం, రెండోసారి నేర్చుకున్నాం. నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

ముందు ఖాళీ ఎక్కడుందో చూడండి

పీహెచ్‌డీ చేసేవాళ్లందరికీ ప్రభుత్వం డబ్బులిస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు. అందరికీ రాదు. యూనివర్సిటీల్ని చూసే కేంద్ర సంస్థ యూజీసీ పెట్టే నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టినవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 వస్తుంది, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మారితే 42,000, హాస్టల్లో లేకపోతే పైన ఇంటి అద్దె భత్యం. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకి నెలకి 70,000తో మొదలవుతుంది, కానీ అది ప్రధానంగా ఐఐటీలు, ఐఐఎస్‌సీ లాంటి చోట్ల, అదీ కొద్దిమందికే. సెంట్రల్ యూనివర్సిటీల్లో, అంటే మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల, జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకి నాన్-నెట్ ఫెలోషిప్ అని నెలకి 8,000 ఇస్తూ వచ్చారు. 2015 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేస్తామన్నప్పుడు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు చలిలో రోజుల తరబడి కూర్చున్నారు. ఎనిమిది వేల కోసం అంత గొడవ దేనికని అప్పట్లో అడిగినవాళ్లు ఉన్నారు. హాస్టల్లో ఉండి చదువుకునేవాడికి ఆ ఎనిమిది వేలే మెస్ బిల్లు, జిరాక్సులు, ఊరికి బస్ టికెట్.

ఆ నాన్-నెట్ కూడా సెంట్రల్ యూనివర్సిటీలకే. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, ఎస్వీ, నాగార్జున లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటొచ్చినవాళ్లకి అది వర్తించదు. జేఆర్‌ఎఫ్ లేక, ఎస్సీ ఎస్టీ ఓబీసీ వాళ్ల కోసం ఉన్న నేషనల్ ఫెలోషిప్పులు అందక, ప్రాజెక్టులో చోటు లేక మిగిలిపోయినవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తారు. మీ డబ్బు మొదట వెళ్లాల్సింది అక్కడికి.

ఇంకో ఖాళీ ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి ఐదేళ్లతో ఆగిపోతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మరో రెండేళ్లు, ఆడపిల్లలకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంటుంది. అంటే థీసిస్ రాసే అసలు ఏడాదిలో చేతిలో రూపాయి ఉండదు. సరిగ్గా అప్పుడే ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరిపోతారు, నాలుగేళ్ల ఫీల్డ్ వర్క్ ట్రంకుపెట్టెలో ఉండిపోతుంది. నా దగ్గర కొంచెమే డబ్బుంది, ఏం చేయను అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: ఆఖరి సంవత్సరం ఫెలోషిప్ పెట్టండి. ఒక్క స్కాలర్‌కి పన్నెండు నెలలు. దానివల్ల ఒక థీసిస్ పూర్తవుతుంది, అది కళ్లకి కనిపించే ఫలితం.

ఎంత డబ్బు కావాలి

ఇక్కడే చాలామంది తడబడతారు. రెండు దారులున్నాయి. ఒకటి కార్పస్: పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తే యూనివర్సిటీ డిపాజిట్ చేసి దాని వడ్డీతో ఫెలోషిప్ నడుపుతుంది, అసలు ముట్టుకోరు. రెండోది ఏటేటా ఇవ్వడం.

నెలకి 12,000 ఫెలోషిప్ అనుకుందాం. ఏడాదికి 1,44,000. డిపాజిట్ మీద 7 శాతం వస్తుందనుకుంటే 20 లక్షల 57 వేలు పెడితే వడ్డీతో సరిపోతుందని లెక్క తేలుతుంది, చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఆ పన్నెండు వేల విలువ సగానికి పడిపోతుంది. వడ్డీ మొత్తం ఖర్చు పెట్టేస్తే కార్పస్ ఎప్పటికీ అంతే ఉంటుంది, పిల్లలకి వచ్చేది మాత్రం ఏటా కరిగిపోతుంది. ఎప్పుడో పది వేల డిపాజిట్‌తో పెట్టిన మెమోరియల్ స్కాలర్‌షిప్పులు ఇప్పుడు ఏడాదికి ఏడు వందలు ఇచ్చే స్థితికి రావడానికి కారణం ఇదే, దాత మనసు చిన్నది కాదు, కాగితం మీద ఒక వాక్యం తక్కువైంది. ఆ వాక్యం ఏంటంటే: "వచ్చిన వడ్డీలో కార్పస్ మీద 5 శాతానికి మించకుండా ఫెలోషిప్‌కి వాడి, మిగిలింది అసలుకి కలపాలి." అలా చేస్తే 1,44,000 కోసం 28,80,000 కావాలి. ధరల పెరుగుదలకి పూర్తిగా సరిపోదు, కానీ ఎక్కడికక్కడ ఆగిపోవడం కంటే చాలా నయం.

ఇరవై ఎనిమిది లక్షలు ఎవరి దగ్గర ఉంటాయి? మా దగ్గరా లేవు. అందుకే మేం రెండో దారి పట్టాం. పది మంది, నెలకి తలా 1,200. అంతే, అది పన్నెండు వేలు. ఐదేళ్లు నడిపితే మొత్తం 7,20,000, ఒక పీహెచ్‌డీ మొదలు నుంచి చివరిదాకా. ఒక కుటుంబం ఆదివారం బిర్యానీకి వెళ్తే అయ్యే ఖర్చు నెలకొకసారి పక్కన పెట్టినట్టు. ఒక్క షరతు పెట్టుకున్నాం: మధ్యలో ఎవరికైనా ఉద్యోగం పోయినా, ఇంట్లో కష్టం వచ్చినా మిగతావాళ్లు సర్దాలి, స్కాలర్‌కి మాత్రం ఒక్క నెల కూడా ఆగకూడదు. అందుకే మొదటి స్కాలర్‌ని తీసుకునే ముందే ఒక ఏడాదికి సరిపడా డబ్బు జమ చేసి పెట్టుకున్నాం. మీరూ అలాగే చేయండి. ఉత్సాహంగా మొదలుపెట్టి ఎనిమిదో నెలలో ఆపేస్తే, ఆ పిల్ల కోచింగ్ సెంటర్లో పని మానేసి మిమ్మల్ని నమ్ముకుని ఉంటుంది, ఆమె పరిస్థితి మీరు రాకముందుకంటే అధ్వాన్నం అవుతుంది.

అంత కూడా కుదరకపోతే చిన్నవాటికి ఇవ్వండి. థీసిస్ ప్రింట్లు, బైండింగ్, ఫీల్డ్ వర్క్ ప్రయాణాలు, కాన్ఫరెన్స్‌కి స్లీపర్ టికెట్, కెమికల్స్. హిస్టరీ స్కాలర్ హైదరాబాద్ తార్నాకలో పాత ప్రభుత్వ రికార్డులుండే స్టేట్ ఆర్కైవ్స్‌లో నెల రోజులు కూర్చోవాలంటే వరంగల్ నుంచో నల్గొండ నుంచో వచ్చి ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? పదిహేను వేలు ఇస్తే ఆ నెల గడుస్తుంది. మా ఫండ్‌లో ఫెలోషిప్ కాకుండా ఏటా రెండు మూడు ఇలాంటివి ఇస్తాం, నిజం చెప్పాలంటే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే.

ఎవరిని కలవాలి, ఏం రాయించుకోవాలి

డబ్బు ముందు పంపి కాగితాలు తర్వాత చూసుకుందాం అనుకోకండి. మేం చేసిన తప్పు అదే. మొదటి ఏడాది మంచి ఊపులో ఉన్నాం, ఒక చెక్కు రాసి, కవరింగ్ లెటర్‌లో "విద్యార్థుల సంక్షేమం కోసం" అని రాసి ఇచ్చేశాం. ఫొటో దిగాం, శాలువా కప్పారు. ఏడాది తర్వాత ఏ స్కాలర్‌కి ఎంత వచ్చిందో కనుక్కుందామని వెళ్తే ఒక్కరికీ రాలేదు. అకౌంట్స్ సెక్షన్‌లో సూపరింటెండెంట్ గారు ఓపికగా ఫైలు తీసి మా లెటర్ మాకే చూపించారు. "సార్, మీరు సంక్షేమం అని రాశారు. హాస్టల్లో నీళ్ల ట్యాంకు బాగు చేయించినా సంక్షేమమే. ఇది జనరల్ ఫండ్‌లోకి వెళ్లిపోయింది. ఫలానా పని కోసం అని రాసుంటే మేం లెక్కల్లో విడి పద్దు కింద పెట్టేవాళ్లం." ఆయన చెప్పింది నిజం. ఎవరూ తినేయలేదు, దారి మళ్లించలేదు. మేం సరిగ్గా రాయలేదు.

కాబట్టి ముందు వెళ్లి కలవాల్సింది మీ పాత డిపార్ట్‌మెంట్ హెడ్‌ని. అక్కడ నిజంగా ఎంతమందికి ఫెలోషిప్ లేదో ఆయనకో ఆవిడకో తెలుస్తుంది. తర్వాత డీన్ ఆఫీసు, అల్యూమ్నై వ్యవహారాలు చూసే ఆఫీసు ఉంటే అది, ఆపైన రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసర్. ఫైలు కదిలేది చివరి ఇద్దరి దగ్గరే, అందుకే మొదటే ఫైనాన్స్ ఆఫీసర్‌ని ఒకసారి కలిసి "మీ దగ్గర ఎండోమెంట్‌కి ఫార్మాట్ ఏదైనా ఉందా, కనీస మొత్తం ఎంత?" అని అడిగేయండి. ఎండోమెంట్ అంటే పైన చెప్పిన కార్పస్ పద్ధతే. చాలాచోట్ల ముందే ఒక నమూనా ఎమ్‌వోయూ, అంటే ఒప్పంద పత్రం, ఉంటుంది, దాంట్లో మీకు కావాల్సినవి కలపమంటే కలుపుతారు. ఎండోమెంట్ అయితే పాలకమండలి ఆమోదం కావాలంటారు, దానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, కంగారు పడకండి, పదిహేను రోజులకొకసారి మర్యాదగా ఫోన్ చేస్తూ ఉండండి.

ఎమ్‌వోయూలో ఈ సంగతులు ఉన్నాయో లేదో వేలు పెట్టి మరీ చూసుకోండి. డబ్బు ఏ అకౌంట్‌లో, ఏ పేరుతో విడిగా ఉంటుంది. ఎవరు అర్హులు. ఎవరు ఎంపిక చేస్తారు. నెలకి ఎంత, ఎన్నాళ్లు. స్కాలర్ మధ్యలో మానేస్తే లేదా జేఆర్‌ఎఫ్ వస్తే ఏం చేయాలి, ఇది తప్పకుండా ఉండాలి, ఎందుకంటే జేఆర్‌ఎఫ్ తీసుకునేవాళ్లు ఇంకో ఫెలోషిప్ కలిపి తీసుకోకూడదు, అలాంటప్పుడు మీది ఆ డిపార్ట్‌మెంట్‌లోనే తర్వాత వరసలో ఉన్నవాళ్లకి వెళ్లాలి. ఆ ఏడాది అర్హులెవరూ లేకపోతే డబ్బు ఎక్కడికి పోవాలి. డబ్బు దేనికి వాడారో చూపే యూటిలైజేషన్ సర్టిఫికెట్ ఏటా ఏ నెలలో పంపుతారు. డిపార్ట్‌మెంటే మూతపడితే లేదా ఇంకోదాంట్లో కలిసిపోతే ఏ సబ్జెక్టుకి మార్చాలి, ఇది ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది కానీ కార్పస్ పెట్టేవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత సంగతి కూడా ఆలోచించాలి, అప్పటికి మనం ఉండకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైంది నెల తేదీ. ఫెలోషిప్పుల విషయంలో స్కాలర్లని ఏడిపించేది మొత్తం తక్కువ కావడం కాదు, ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. ఆరు నెలల బాకీ ఒకేసారి పడితే అది అప్పటికే చేసిన అప్పులకి పోతుంది. అందుకే రెండోసారి రాయించుకున్నప్పుడు మేం పట్టుబట్టి ఒక వాక్యం పెట్టించాం: ప్రతి నెల 5వ తేదీలోపు స్కాలర్ బ్యాంక్ అకౌంట్‌కి నేరుగా జమ చేయాలి, గైడ్ సంతకం ఆలస్యమైనా డబ్బు ఆగకూడదు, ప్రోగ్రెస్ రిపోర్టు ఆరు నెలలకి ఒకటి చాలు. ప్రతి నెలా సంతకం కోసం గైడ్ రూమ్ బయట నిలబడే పని తప్పడం అన్నది ఆడపిల్లలకి ఎంత పెద్ద ఊరటో మా మొదటి స్కాలర్ చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఎంపికలో మీరు వేలు పెట్టకండి. మా ఊరి పిల్ల, మా బాబాయి కొడుకు అని చెప్పాలనిపిస్తుంది, చెప్పకండి. అర్హతలు మీరు రాయొచ్చు: వేరే ఫెలోషిప్ లేనివాళ్లు, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ దాకా వచ్చినవాళ్లు, ఫలానా డిపార్ట్‌మెంట్, ఆఖరి ఏడాది. పేరు మాత్రం కమిటీనే చెప్పాలి. డీన్, హెడ్, బయటి ప్రొఫెసర్ ఒకరు ఉంటే చాలు. అలాగే రీసెర్చ్ టాపిక్ మీద షరతులు పెట్టడం, మీ ఇంటి ఫంక్షన్‌కి రమ్మనడం, ప్రతి నెలా థాంక్స్ చెప్పించుకోవడం, ఇవేవీ వద్దు. ఏడాదికొకసారి వాళ్లు ఏం చేస్తున్నారో ఒక పేజీ రాసి పంపితే చదవండి, అది నిజంగా ఆనందంగా ఉంటుంది. మా స్కాలర్ ఒకామె శ్రీకాకుళం జిల్లా జాలరుల పాటలు రికార్డు చేస్తోంది, ఆమె పంపిన పేజీ చదివి మా గ్రూపులో అకౌంట్లు చూసే మిత్రుడు ఆ ఏడాది ఇంకో వెయ్యి కలిపాడు.

ట్యాక్స్ సంగతి

ఇక్కడ ఆడిటర్ని అడగడం మంచిది, అయినా కొన్ని తెలిసుండాలి. పాత పన్ను విధానంలో ఉంటేనే విరాళానికి 80జీ (ఇది పాత చట్టంలో సెక్షన్ నంబరు) కింద మినహాయింపు, కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకి రాదు. యూనివర్సిటీకి, లేదా మీరు ఇచ్చే ట్రస్టుకి, 80జీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడగండి. యూనివర్సిటీ వేరు, అల్యూమ్నై అసోసియేషన్ వేరు, ఇద్దరి పాన్ వేరు, ఒకరి సర్టిఫికెట్ ఇంకొకరికి పనికిరాదు. నగదు రెండు వేలు దాటితే మినహాయింపు ఉండదు, కాబట్టి ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫరో చెక్కో వాడండి. చాలా సంస్థల విషయంలో మీరు ఇచ్చిన దాంట్లో సగానికే మినహాయింపు, అదీ మీ ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి. మామూలు రసీదు చాలదు, పాత చట్టంలో ఫామ్ 10బీఈ అని పిలిచే విరాళం సర్టిఫికెట్ కావాలి, దాన్ని సంస్థ ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు ఇవ్వాలి. మీ పాన్ నంబర్ తప్పు రాసిస్తే అది మీ పేరు మీద రాదు, ఫామ్ నింపేటప్పుడు రెండుసార్లు చూసుకోండి. ఇక కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, పాత సెక్షన్ నంబర్లు మారాయి, ఎక్కడైనా పాత నంబరు చూసి గందరగోళపడకండి.

ఫెలోషిప్ అందుకునే స్కాలర్‌కి చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు. ఇది పిల్లలు అడుగుతుంటారు, టెన్షన్ పడక్కర్లేదని చెప్పండి.

అమెరికాలోనో ఇంకెక్కడో ఉన్నవాళ్లు

మీ చేతిలో ఏ పాస్‌పోర్ట్ ఉందన్నదే మొదటి ప్రశ్న. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే మీరు ఏ దేశంలో ఉన్నా, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా, భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల్ని నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో మీరిచ్చేది విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ప్రత్యేక అకౌంట్‌కే రావాలి. చట్టం ద్వారా ఏర్పడి కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఆడిట్ తప్పనిసరిగా ఉండే కొన్ని సంస్థలకి దీన్నుంచి మినహాయింపు ఉంది, మీ యూనివర్సిటీ అందులోకి వస్తుందా అన్నది ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. "ఇక్కడ మా అన్నయ్య అకౌంట్‌కి పంపేస్తా, ఆయన కట్టేస్తాడు" అనే సర్దుబాటు మాత్రం అస్సలు వద్దు, దానివల్ల సంస్థ ఇబ్బందుల్లో పడుతుంది.

అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే డబ్బు అక్కడ 501(సీ)(3)గా, అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థగా, గుర్తింపు పొందిన సంస్థకి ఇవ్వాలి, ఇక్కడి యూనివర్సిటీకి నేరుగా పంపితే రాదు. ఐఐటీల పూర్వ విద్యార్థులు అక్కడ ఇలాంటి ఫౌండేషన్లు పెట్టుకున్నారు. పని చేసే కంపెనీలో మ్యాచింగ్ గిఫ్ట్ ఉందేమో హెచ్‌ఆర్ పోర్టల్‌లో వెతకండి, ఉంటే మీరు వంద డాలర్లిస్తే కంపెనీ ఇంకో వంద కలపొచ్చు, చాలామంది దీన్ని వాడుకోకుండా వదిలేస్తున్నారు. మీరు ఎమ్మెస్ చదివిన అమెరికా యూనివర్సిటీకే ఇవ్వాలనుకుంటే అక్కడి గివింగ్ పేజీలో ఊరికే జనరల్ ఫండ్‌కి కాకుండా, మీ డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఫండ్ పేరు వెతికి దానికే ఇవ్వండి. అక్కడ కూడా ఎండోమెంట్, వెంటనే ఖర్చు పెట్టే ఫండ్ అని రెండు రకాలుంటాయి. చిన్న మొత్తమైతే రెండోదే మంచిది, ఈ ఏడాదే ఎవరికో ఒకరికి అందుతుంది.

మీకు సొంత కంపెనీ ఉండి, లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలనే సీఎస్‌ఆర్ నిబంధన పరిధిలోకి వస్తే, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో విద్యకి, ప్రభుత్వ యూనివర్సిటీల్లో సైన్సు, టెక్నాలజీ, వైద్య పరిశోధనకి ఖర్చు పెట్టే వీలుంది. తెలుగు, చరిత్ర, సోషియాలజీ డిపార్ట్‌మెంట్లకి ఆ దారిలో డబ్బు రావడం తక్కువ, అందుకే మామూలు మనుషులు ఇచ్చేది వాటికి మరీ అవసరం. ఆంధ్రా యూనివర్సిటీ సైన్సు కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ్ వర్మ పేరు ఉన్నట్టు, పెద్ద డబ్బు ఎప్పుడూ పెద్ద భవనాలకీ ల్యాబులకీ దారి కనుక్కుంటుంది. పల్లెల్లో తిరిగి జానపద కథలు సేకరించే అమ్మాయికి బస్సు ఛార్జీలు ఇచ్చేవాళ్లే కరువు.

ఆఖరిగా టైమ్ గురించి. చాలామంది మార్చి ఆఖరి వారంలో, ట్యాక్స్ గుర్తొచ్చినప్పుడు కదులుతారు. అప్పుడు అకౌంట్స్ సెక్షన్‌లో సంవత్సరాంతపు బిల్లుల హడావిడి ఉంటుంది, మీ ఎమ్‌వోయూ చదివే తీరిక ఎవరికీ ఉండదు. మీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ అడ్మిషన్లు ఎప్పుడో కనుక్కుని దానికి నాలుగు నెలల ముందే హెడ్‌ని కలవండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నెలకి ఎంత, ఎంతమందికి, ఎన్నేళ్లు, ఏ తేదీలోపు అన్న నాలుగు సంగతులు రాసుకుని వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏడాది ఫెలోషిప్ లేకుండా ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్య కూడా అదే కాగితం మీద రాయించుకుని రండి, మీ స్నేహితులకి ఫోన్ చేసేటప్పుడు అదే చెప్పాలి.